నేను రాయని అధ్యాయం

"ఏవండీ, మీ పుస్తకం పీడీఎఫ్ ఉంటే కాస్త పెట్టండీ."

ఈ మాట చెవిన పడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అడిగేవాళ్లు చెడ్డవాళ్లయితే నాలుగు దులిపేసి ఊరుకుందును. ఒక్కరూ చెడ్డవాళ్లు కారు. మా ఏలూరు మర్యాద మీకు తెలుసో లేదో, ఇక్కడ జేబు కొట్టేవాడు కూడా "కాస్త ఇటు జరగండీ" అని కొడతాడు.

ఆమధ్య ఒక పెళ్లిలో మా దూరపు చుట్టం ఒకావిడ నా పక్కనే భోజనానికి కూర్చుంది. వాళ్లింట్లో సినిమాల యాప్‌లు అన్నీ ఉన్నాయట. "ఎంత సుఖమో అండీ! సగంలో ఆపి నిద్రపోతే మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. డబ్బు కూడా మనం కట్టక్కర్లేదు, నెల తిరిగేసరికి దానంతటదే కట్ అయిపోతుంది" అని మురిసిపోయింది. నా పుస్తకం కూడా అలాంటి యాప్ ఒకదాంట్లో ఉందనీ, చదవొచ్చు, వినొచ్చు కూడాననీ చెప్పాను. ఆవిడ పెరుగు కలుపుకుంటూ, "భలేవారే, మన వాళ్ల పుస్తకానికి చందా కట్టడమేంటండీ, పరాయివాళ్లలాగా! పీడీఎఫ్ పంపేద్దురూ" అంది. సినిమావాళ్లు పరాయివాళ్లు కాబట్టి వాళ్లకి డబ్బు. నేను సొంతమనిషిని కాబట్టి నాకు దీవెన.

నేనేమీ పత్తిత్తును కాను, అదీ చెప్పేస్తాను. ఏలూరు పాత బస్టాండు దగ్గర సెల్లు కొట్లో మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించుకున్నదాన్నే. ఇప్పటికీ మా ఇంట్లో టీవీ నడిచేది మా ఆడపడుచు పాస్‌వర్డ్ మీద. అప్పుడు నాకు దొంగతనం అనిపించలేదు. నాది పోయేదాకా ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

నేను వట్లూరు వైపు ఒక కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మార్కులు రాలతాయని పిల్లలంతా సంస్కృతం తీసుకునే రోజుల్లో తెలుగు చెప్పడమంటే ఖాళీ బెంచీలకు చెప్పడమే. ఒకసారి ఎన్నికల డ్యూటీకి కొల్లేటి లంక ఒకదానికి వేశారు. మధ్యాహ్నం బడి గుమ్మంలో ఒక పెద్దావిడ క్యారేజీతో నిలబడి, "పొద్దుట్నుంచి ఏం తినలేదంట కదండి, రండి పంతులమ్మగారూ" అంది. నేను ఆవిణ్ని పిన్నిగారూ అన్నాను. అక్కడ మొదలైన రాకపోకలు పదేళ్లు నడిచాయి. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి ఆ లంకకు వెళ్లిపోవడం, అక్కడి ఆడవాళ్ల మాటలు వినడం, వచ్చి రాసుకోవడం. "నీకు అత్తవారిల్లు ఏలూరా, కొల్లేరా?" అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

పిన్నిగారికి పిల్లల్లేరు. భర్త పోయి చాలా ఏళ్లయింది. మరిది ఇంట్లో ఉండేది. మరిది అంటే ఆయనకూ డెబ్బై దగ్గర పడ్డాయి. ఆయన కొడుకూ కోడలూ ఆవిణ్ని పెద్దమ్మా, పెద్దత్తమ్మా అంటూ బాగానే చూసేవారు. పిన్నిగారూ ఆ మరిదీ ఇప్పుడు లేరు. ఒకరి తర్వాత ఒకరు పోయారు. లేరు కాబట్టే ఇప్పుడిది రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని చిన్నచేపలు బాగుచేస్తూ, నేనేమీ అడక్కుండానే ఆవిడ ఒక సంగతి చెప్పింది. కొల్లేటిలో అక్రమంగా తవ్విన చేపల చెరువులు కొట్టేయడానికి సర్కారు మిషన్లు వచ్చిన రోజుల నాటి సంగతి. ఏ చెరువు ఎవరిదో అధికారులకు ఒక పట్టాన తెలిసేది కాదు, కాగితాల మీద ఒకరి పేరు, గట్టు మీద ఇంకొకరు. ఆవిడ మరిది చెరువు ఆ లెక్కలో లేనే లేదు. మిషన్లు దాన్ని దాటుకుని వెళ్లిపోవలసింది. ఆవిడే వెళ్లి, ఇదిగో ఇక్కడుంది అని చూపించింది. గంటలో గట్లు నేలమట్టం. చేపలన్నీ పోయాయి. మరిది ఆ తర్వాత చాలా ఏళ్లు వేరేవాళ్ల చెరువుల మీద కూలికి మేత చల్లాడు.

"ఎందుకు చేశారు పిన్నిగారూ?" అన్నాను.

"మా ఆయన వాటా కూడా కలిపేసి తవ్వేశాడండి. ఆయన పోయి ఏడాది తిరక్కుండా. అడిగితే ఇచ్చేదాన్నే. అడగలేదు."

అంతే చెప్పింది. చేపలు కడిగి, గిన్నెలో వేసి, లేచింది. లేచాక మళ్లీ నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఊళ్లో ఎవరికీ తెలీదట. 'నా చెరువు చూపించినోడు ఎవడో తెలిస్తే ఆడికి ఊళ్లో మంచినీళ్లు పుట్టనివ్వను' అని మరిది అన్నం ముందు కూర్చుని ఎన్నోసార్లు అనేవాడట. ఆవిడ వడ్డిస్తూ వినేదట. "ఆ ఇల్లు తప్ప నాకు ఇంకో చోటు లేదండి. తెలిసిందంటే నా కంచం వీధిలో పడుద్ది" అంది. ఊరు మారుస్తాను, మనుషుల్ని మారుస్తాను, పుస్తకంలో ఎవరో ఒకావిడ అంతే, అని ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పాను.

మార్చాను కూడా. లంకను అవతలి ఒడ్డుకు జరిపాను. ఆవిడకు ఇద్దరు కూతుళ్లను ఇచ్చాను. మరిదిని మేనమామ కొడుకుని చేశాను. అన్నీ మార్చి ఒకటి ఉంచేసుకున్నాను. ఒక్క మాట.

ఆ ప్రాంతంలో చేపల చెరువును అందరూ చెరువే అంటారు. పిన్నిగారు మాత్రం గిన్నె అనేది. "కొల్లేరు పెద్ద పళ్లెమండి. చుట్టూ కూచుని అందరం తినేవోళ్లం. ఈళ్లొచ్చి ఎవరి గిన్నెలో ఆళ్లు సర్దేసుకున్నారు" అని మొదటిసారి ఆవిడ అన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ముప్ఫై ఏళ్లు సాహిత్యం చెప్పిన నాకు అలాంటి మాట ఒక్కటి తట్టి చావలేదు. ఎలా వదులుకుంటాను? అధ్యాయానికి పేరు కూడా అదే పెట్టాను. తీసేద్దామని రెండుసార్లు కొట్టేసి, మూడోసారి మళ్లీ రాసుకున్నాను. నా కక్కుర్తి అంటే అదీ. పుస్తకంలో బాగున్న అధ్యాయం ఏదంటే అదొక్కటే. మిగతాది పంతులమ్మ రాసినట్టు ఉంటుంది.

ఏలూరులోనే అచ్చు వేయించాను. సగం కాపీలు మా మంచం కింద ఉండిపోయాయి. మిగతా సగం చుట్టాలకీ, తోటి లెక్చరర్లకీ, సభల్లో పెద్దలకీ సంతకం పెట్టి ఇచ్చాను. అందరూ కళ్లకద్దుకుని తీసుకున్నారు. తర్వాత ఒక యాప్‌వాళ్లు అడిగితే ఇచ్చాను. మంచి గొంతున్న అమ్మాయి చేత చదివించారు. కొల్లేటి యాస సరిగ్గా రావాలని నాతో నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడింది. నాకు తెలిసి అది విన్నది మా ఆయన ఒక్కరే. ఆయనా సగంలో ఆపారు. అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుందని చెప్పినా మొదలుపెట్టలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మా తోటికోడలు నా పుస్తకాన్ని నాకే పంపింది. "అరుదైన పుస్తకం, ఉచితంగా చదవండి, పదిమందికీ పంపండి" అని పైన రాసి ఉంది. కింద ఆవిడ సొంతంగా, "మీరు కొల్లేరు వెళ్తుంటారు కదా అక్కా, ఇది చదవండి, బాగుందట" అని కలిపింది. అట్ట మీద నా పేరుంది, చూసుకోలేదు మహాతల్లి. తెరిచి చూస్తే ఫోనుతో తీసిన ఫొటోలు. ప్రతి పేజీ మూలా ఎవరిదో బొటనవేలు. అరుదైనదట! మంచం కింద బొద్దింకలు నడుస్తున్న కట్టలు ఎవరికి కనపడాలి?

మూడు రోజుల్లో ఆ పీడీఎఫ్ రాని గ్రూపు లేదు. మా కాలేజీ పాత విద్యార్థులది, మా వీధి వాళ్లది, కార్తీక వనభోజనాలది, అన్నిట్లోకీ వచ్చింది. నిజం చెప్పొద్దూ, కోపంలోనే ఎక్కడో ఒక మూల సంతోషం కూడా వేసింది. నా పుస్తకం చదువుతున్నారు! ఎవరో తెలీనివాళ్లు ఫోన్ చేసి 'గిన్నె చదివి ఏడ్చామండీ' అన్నారు. నేను సంతకం పెట్టి ఇచ్చినవాళ్లు ఒక్కరూ ఫోన్ చేయలేదు.

ఆ తర్వాత ఒక వీడియో చానల్‌వాడు ఆ అధ్యాయాన్ని మెషీన్ గొంతుతో చదివించి, 'కొల్లేటి గుట్టు' అని పేరుపెట్టి, ఏడుస్తున్న ఎవరో ఆడమనిషి బొమ్మ అతికించి వదిలాడు. ఆ మెషీన్‌కి ఒత్తులు పలకవు. అయినా లంకల్లో ఆడవాళ్లు రొయ్యలు వలిచే చోట ఫోన్ ఆనించుకుని విన్నారట. పుస్తకం వాళ్ల దాకా ఎప్పుడూ వెళ్లదు. యాప్ అంతకన్నా వెళ్లదు. దొంగసరుకు మాత్రం పడవెక్కి మరీ వెళ్లింది.

ఒక ఉదయం తెలీని నంబరు నుంచి ఫోన్. పిన్నిగారు. ఆవిడకు సొంత ఫోన్ లేదు, రేవు దగ్గర కొట్టువాళ్లది అడిగి చేసింది.

"పంతులమ్మగారూ, నా మాట ఫోన్లో వత్తందండి."

మరిది కోడలు రొయ్యలు వలుస్తూ వింటూ, గిన్నె అన్న మాట రాగానే పకపకా నవ్వి, 'ఇది మా పెద్దత్తమ్మ మాట కదే!' అని అందరి ముందూ అందట. తర్వాత కథంతా విని నవ్వు ఆపేసి ఇంటికెళ్లి మామగారికి చెప్పింది. ఆయన వదినగారిని పిలిచి అడిగాడు. ఆ మాట నాదే గానీ ఆ సంగతి నాకు తెలీదు అని ఈవిడ అంది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఆవిడ వడ్డిస్తే తినడం మానేశాడు. కోడలు వడ్డిస్తోంది.

"ఫోన్లో ఎన్నైనా కల్పిత్తారు, అచ్చు పుస్తకం తెమ్మను, అందులో ఉంటే అప్పుడు చెప్తా అన్నాడండి. ఆడు అచ్చులో ఉంటేనే నమ్ముతాడు. నన్నేం చెయ్యమంటారండి? ఆ ఫోన్లోంచి తీయించేయండి, మీకు పున్నెం ఉంటది."

ఫోన్ పెట్టేశాక కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ప్రయోజనం లేదని లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. యాప్‌వాళ్లకు ఒక్క మెయిల్ పెట్టాను, ఆ అధ్యాయం తీసేయండి అని. మర్నాడు మధ్యాహ్నానికల్లా తీసేశారు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని జవాబు కూడా వచ్చింది. అంత సుళువు! చక్కటి గొంతుతో ఆ అమ్మాయి చదివింది, ఎవరూ విననిది, ఎవరికీ హాని చేయనిది, అది ఒక్క రోజులో మాయమైంది. వీడియో చానల్‌వాడి మీద ఫిర్యాదు చేస్తే ఆ పుస్తకం నాదేనని రుజువు చేసుకోమన్నారు. చేసుకున్నాను. అది తీసేసరికి ఇంకో ముగ్గురు పెట్టారు. పీడీఎఫ్ సంగతి సరేసరి. మా తోటికోడలితో మొదలుపెట్టి వెనక్కి అడుక్కుంటూ వెళ్లాను, నీకెవరు పంపారు, నీకెవరు పంపారు అని. వారం తిరిగేసరికి తాడేపల్లిగూడెంలో తేలాను.

ఆయన రిటైరైన ఉద్యోగి. గూడెంలో పెంకుటిల్లు, అరుగు మీద కుర్చీ, పక్కన పుస్తకాల దొంతర. నన్ను చూడగానే లేచి నిలబడి దణ్ణం పెట్టారు. "మీరా అండీ! మా ఇంటికా! ఏవోయ్, కాఫీ పెట్టు, ఎవరొచ్చారో చూడు" అని భార్యను కేకేశారు. లోపలి నుంచి నా పుస్తకం తెచ్చారు. రెండేళ్ల క్రితం ఒక సభలో నేను సంతకం పెట్టి ఇచ్చిన కాపీయే అది. ఆయన బొటనవేలు చూశాను. పేజీల మూలన ఉన్నది అదే.

"మన వైపు ఆవిడ ఇంత బాగా రాస్తే ఎవరికీ తెలీడం లేదే అని నా బాధండీ. రెండు రోజులు కూర్చుని ఒక్కో పేజీ తీశాను. నడుం పట్టేసింది. ఇప్పుడు చూడండి, ఎంతమంది చదువుతున్నారో! సేవండీ ఇది."

"సేవా? దొంగతనం అంటారండీ దీన్ని!" అని అరిచాను. జీవితంలో అంత గట్టిగా పరాయింట్లో అరవలేదు. కాఫీ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. దొంగతనం అన్న మాటకి ఆయన ముఖం చిన్నబోయింది. తాను పైసా తీసుకోలేదనీ, పైగా నెట్ ఖర్చు తనదేననీ ఏదో చెప్పబోయారు. నేను ఆపి, పిన్నిగారి సంగతి చెప్పాను. పేరూ ఊరూ చెప్పలేదు, మిగతాదంతా చెప్పాను.

"అయ్యయ్యో. నేనేం చెయ్యాలో చెప్పండి. గ్రూపుల్లోంచి తీసేస్తానండీ."

"మీరు తీస్తే పోదండీ అది. ఎన్ని ఫోన్లలో ఉందో మీకు తెలుసా?"

తెలీదన్నారు. అప్పుడు నా నోటి నుంచే వచ్చింది ఆ ఆలోచన. దారిలో బస్సులో కూర్చున్నప్పుడే వచ్చిందేమో, చెప్పడానికి మనసు రాక మింగేసుంటాను. "ఆ అధ్యాయం మీరు కల్పించి చేర్చారని చెప్పండి. అచ్చు పుస్తకంలో అది లేదని చెప్పండి" అన్నాను.

ఆయన బిత్తరపోయారు. "అబద్ధం చెప్పమంటారాండీ?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఒకరి పుస్తకం ఎత్తి ఊరంతా పంచిపెట్టిన మనిషికి అబద్ధం పాపం! చివరికి ఆయన భార్యే గట్టిగా అంది, "ఒక ఆడమనిషి కూడు పోయేట్టుంది, ఇంకా ఆలోచిస్తారేంటండీ? చెప్పేయండి" అని. ఆయన ఫోన్ తీశారు. నేను చెబుతుంటే టైపు చేశారు. 'గిన్నె అనే అధ్యాయం రచయిత్రిది కాదు. అది నా సొంత కల్పన. పుస్తకం మీద అభిమానంతో మధ్యలో చేర్చాను. క్షమించండి.' కల్పన అన్నచోట అక్షరం తప్పు కొడితే నేనే దిద్దాను. పదేళ్లు తిరిగి రాసుకున్నదాన్ని నాలుగు వాక్యాల్లో ఆయనకు రాసిచ్చి, చల్లారిన కాఫీ తాగి, బస్సెక్కాను.

ఇక అచ్చు పుస్తకం. ఏలూరులో నా పుస్తకం డీటీపీ చేసినతని దగ్గరకెళ్లి, ఆ అధ్యాయం తీసేసి నాలుగు కాపీలు వేసివ్వమన్నాను. విషయసూచికలోంచి తీశాడు, లోపల తీశాడు. పేజీ నంబర్లు తేడా వస్తాయేమో అన్నాను. "అవే సర్దుకుంటాయి మేడం" అని ఏదో నొక్కాడు. నిజంగానే సర్దుకున్నాయి. అక్కడేదో ఉండేదని కనిపెట్టడం నావల్ల కూడా కాలేదు. "బాగుంది మేడం, కాస్త సన్నబడింది" అన్నాడు.

ఆ కాపీ పట్టుకుని లంకకు వెళ్లాను. వాకిట్లో మంచం మీద మరిది కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా ఆనదు ఆయనకు. పిన్నిగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది, నా వైపు చూడలేదు. పదేళ్లుగా నన్ను చూడగానే ఎదురొచ్చే మనిషి. గూడెంలో ఒకాయన ఆ కథ కల్పించి చేర్చాడని చెప్పి పుస్తకం ఇస్తే, మరిది అందుకుని కళ్లకద్దుకుని కోడలికిచ్చాడు. ఆ అమ్మాయి విషయసూచిక పైనుంచి కిందికి ఒక్కో పేరూ పైకి చదివింది. తర్వాత పేజీలు తిప్పింది.

"ఇందులో లేదు మావయ్యా."

"మరి మా వదిన మాట ఆ గూడెం ఆయనకెలా తెలిసిందండి పంతులమ్మగారూ?" అన్నాడాయన. మర్యాదగానే అడిగాడు.

"నేనే ఒక సభలో చెప్పానండీ. పిన్నిగారు చెరువుని ముద్దుగా ఇలా అంటారు అని. ఆయన అది పట్టుకుని, మిగతాదంతా తన బుర్రలోంచి అల్లేశాడు. వెధవ పని చేశాడండీ" అన్నాను. గ్రూపులో ఆయన పెట్టిన క్షమాపణ కూడా తీసి కోడలి చేత చదివించాను. పాఠం చెప్పినట్టు చెప్పాను.

ఆయన వంటింటి వైపు తిరిగి, "వదినా, అడగకూడని మాట అడిగాను. మనసులో పెట్టుకోకు. బుద్ధి గడ్డి తిని నిన్ను అనుమానించాను" అన్నాడు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన చెరువు కొట్టేశారు, కొట్టించినావిడ అక్కడే నిలబడి ఉంది, ఆయన ఆవిడకు క్షమాపణ చెబుతున్నాడు. అది చూడవలసి వస్తుందని నేననుకోలేదు. పిన్నిగారు, "దానికేముందిలే" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకు ఎంతసేపు పట్టిందో.

నన్ను భోజనం చేసి గానీ వెళ్లనివ్వలేదు. కొరమీను పులుసు. ఆవిడే వడ్డించింది, ఆయన తిన్నాడు, నేనూ తిన్నాను. రేవు దాకా సాగనంపడానికి ఆవిడ రాలేదు, కోడలొచ్చింది. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు నేను. వెళ్తే ఎవరికి ఏం గుర్తొస్తుందో అని భయం. ఫోన్ చేద్దామంటే కొట్టువాళ్లది. చివరికి ఆవిడ పోయిన సంగతి కూడా నాకు నెల దాటాక తెలిసింది. ఆ ఇంట్లోనే పోయిందట, మరిది కొడుకే తలకొరివి పెట్టాడట.

ఆవిడ పోక ముందు జరిగింది ఇంకొకటి ఉంది.

ఆ క్షమాపణ పెట్టిన రోజు నుంచీ నాకొక భయం పట్టుకుంది. అచ్చు కాపీలు ఉన్నాయి కదా. నేను సంతకాలు పెట్టి ఇచ్చినవే ఎన్ని ఇళ్లలో ఉన్నాయి! ఎవరో ఒకరు బీరువా తెరిచి, 'అదేంటండీ, నా దగ్గరున్న పుస్తకంలో ఆ అధ్యాయం ఉందే, ఆయనెలా చేరుస్తాడు?' అని గ్రూపులో ఒక్క మాట అన్నారంటే పిన్నిగారి కంచం మళ్లీ వీధిలో పడ్డట్టే. రోజూ పొద్దున్నే ఫోన్ తీసి బిక్కుబిక్కుమంటూ చూసుకునేదాన్ని. వారం గడిచింది. నెల గడిచింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అనలేదు. కళ్లకద్దుకుని తీసుకున్న మనిషి ఒక్కరూ ఆ పుస్తకం తెరవలేదు. భయపడటం మానేసి, ఎవరైనా అంటే బాగుణ్నని ఎదురుచూడటం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు. సిగ్గుగా ఉంది గానీ అది నిజం.

గూడెం ఆయన పేరు మాత్రం మారుమోగిపోయింది. దొంగ అని తిడతారనుకుంటే, 'ఇంత గొప్ప రచయిత ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారండీ' అని ఊళ్లోవాళ్లు వెంటపడ్డారు. ఆయన నాకు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "సన్మానం అంటున్నారండీ, వద్దంటే వినడం లేదండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. "శాలువా కప్పించుకోండి. మరీ వద్దంటే అనుమానం వస్తుంది" అన్నాను. "మీరూ రావాలండీ, మీరు లేకపోతే నావల్ల కాదు" అన్నారు.

వెళ్లాను. తాడేపల్లిగూడెంలో చిన్న హాలు, నిండుగా జనం. నా పుస్తకం ఆవిష్కరణకు ఇందులో సగం కూడా రాలేదు. శాలువా కప్పారు. ఆ అధ్యాయం చదవమన్నారు. ఆయన లేచి, నా వైపు ఒకసారి చూసి, చదివారు. బాగా చదివారు, యాప్‌లో చదివిన ఆ అమ్మాయి కన్నా బాగా. హాల్లో ముక్కులు ఎగబీల్చడం వినపడింది. ముందు వరసలో నాతోపాటు కూర్చున్నవాళ్లలో ముగ్గురికి నా చేతులతో నేను పుస్తకం ఇచ్చాను. ఒకరైనా నా భుజం తట్టి 'ఇది మీదే కదూ' అంటారేమోనని వాళ్ల ముఖాలే చూస్తూ కూర్చున్నాను. అప్పటికి పిన్నిగారు బతికే ఉంది, ఆ ఇంట్లో మూడు పూటలా తింటోంది. అందుకని అందరికన్నా ముందు నేనే చప్పట్లు కొట్టాను.

నా పక్కనున్నావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని నా వైపు వంగింది. చాలా ఆప్యాయంగా, నా చెయ్యి మీద చెయ్యి వేసి మరీ అంది.

"ఎంత గుండె పెట్టి రాశారండీ ఆయన! మీరు కూడా అన్నేళ్లు కొల్లేరంతా తిరిగారు కదా, ఇలాంటిది ఒక్కటి రాయలేకపోయారా?"

"నాకు చేతకాలేదండీ" అన్నాను.